మోగ్లీ వేసిన మైసూరు కుర్రాడు

జంగిల్ బుక్ అంటే మన బడి పిల్లలకు గుర్తొచ్చేది 2016లో తెలుగులో కూడా విడుదలైన డిస్నీ సినిమా. వాళ్ల అమ్మానాన్నలకైతే దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున హిందీలో వచ్చిన జపాన్ కార్టూను. ఇంకాస్త పెద్దవాళ్లకు 1967 నాటి బొమ్మల సినిమా. వీటన్నిటికన్నా ముందు, 1942లో, నిండు రంగుల్లో ఒక జంగిల్ బుక్ వచ్చింది. అందులో మోగ్లీ వేసిన కుర్రాడు హాలీవుడ్ వాడు కాడు, లండన్ వాడూ కాడు. మైసూరు సంస్థానంలో కబిని నది ఒడ్డున, కారాపుర అనే పల్లెలో పుట్టినవాడు. పేరు సాబు.

కర్ణాటకలోని మన బడుల నుంచి ఏటా ఎన్నో బస్సులు మైసూరుకు విహారయాత్ర వెళ్తాయి. ప్యాలెస్ చూస్తారు, జూ చూస్తారు, వీలైతే నాగరహొళె దాకా వెళ్తారు. దారిలో సాబు పేరెత్తే మాస్టారు మాకు ఇంతవరకు తగల్లేదు. తప్పు వాళ్లది కాదు, పాఠ్యపుస్తకంలో లేదు మరి. ఒకప్పుడు ప్రపంచంలో సినిమాకు వెళ్లే పిల్లలందరికీ తెలిసిన మొహం అది. ఇంట్లో ఒక మాట, ఊళ్లో ఒక మాట, పని చేసేచోట మూడో మాట నేర్చుకుని బతికిన పిల్లవాడు కాబట్టి, ఈ పేజీ చదివేవారికి అతని కథ కొంచెం దగ్గరగానే తగులుతుందని మా నమ్మకం.

సాబు 1924 జనవరి 27న పుట్టాడు. తండ్రి మైసూరు మహారాజు ఏనుగులకు మావటి. కారాపుర ఇప్పటి మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ఉంది. దానికి దగ్గర్లోనే కాకనకోటె అడవి. అడవి ఏనుగుల మందలను తోలుకొచ్చి, పెద్ద దుంగలతో కట్టిన దొడ్డిలోకి మళ్లించి పట్టే ఖెడ్డాలకు ఆ ప్రాంతం ప్రసిద్ధి. పట్టిన ఏనుగులను మచ్చిక చెయ్యాలి, పని నేర్పాలి, దసరా ఊరేగింపుకు తయారుచెయ్యాలి. ఇదంతా మావటీల చేతి పని. మైసూరు మావటీల్లో చాలా కుటుంబాలు ముస్లిములవి, ఇంట్లో దక్కనీ ఉర్దూ వినిపించేది. గడప దాటితే కన్నడం. ఇక ఏనుగుతో మాట్లాడే మాటలు వేరే. కూర్చోమనడానికి, లేవమనడానికి, కాలెత్తమనడానికి మావటీల దగ్గర తరాలుగా వస్తున్న సైగలూ కేకలూ ఉన్నాయి. మెడ మీద కూర్చుని చెవుల వెనక కాలివేళ్లతో నొక్కడంలోనే సగం భాష ఉంటుంది. బడి మొహం చూడకముందే ఆ పిల్లవాడికి ఇవన్నీ వచ్చు.

తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పోయేసరికి సాబుకు ఏడేళ్లు. మిగిలింది అన్న ఒక్కడే, షేక్ దస్తగీర్. అన్న నీడలో, మహారాజు ఏనుగుల శాలను నమ్ముకుని పెరిగాడు. ఆ ఏనుగుల మధ్య ఉండకపోతే ఇతని గురించి మనం ఈరోజు రాసుకునేవాళ్లం కాదు.

1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్ దర్శకుడు మైసూరు వచ్చాడు. ఉత్తర ధ్రువం వైపు మంచు నేలల్లో ఒక వేటగాడి కుటుంబం గురించి 1922లో ఆయన తీసిన నానూక్ ఆఫ్ ది నార్త్ చాలా పేరు తెచ్చుకుంది. స్టూడియోలో సెట్లు వేసి తీసే పద్ధతి ఆయనకు పడదు. ఎక్కడి మనుషుల కథయితే అక్కడికే వెళ్లి, వాళ్లతోనే తియ్యాలి. ఈసారి కథ రడ్‌యార్డ్ కిప్లింగ్‌ది. 1894లో వచ్చిన జంగిల్ బుక్ పుస్తకంలో మోగ్లీ కథలతో పాటు, మోగ్లీతో సంబంధం లేని కథలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి తూమాయి అనే మావటి పిల్లవాడిది. మనిషి కంట పడని ఏనుగుల నాట్యాన్ని చూసి వచ్చిన పిల్లవాడు. కిప్లింగ్ ఆ కథను అస్సాం వైపు గారో కొండల్లో పెట్టాడు. సినిమావాళ్లకు ఏనుగులు, ఖెడ్డా, సంస్థానం సాయం, అన్నీ ఒక్కచోట దొరికింది మైసూరులో. మహారాజు కృష్ణరాజ ఒడెయరు ఏనుగులను ఇచ్చారు, మావటీలను ఇచ్చారు.

తూమాయి వేషానికి ఎందరో పిల్లలను చూశారు. చివరికి కెమెరామన్ ఆస్మండ్ బోరడేల్ కంటికి ఏనుగుల శాలలో ఈ పదకొండేళ్ల పిల్లవాడు కనిపించాడు. సన్నగా ఉంటాడు, మొహమంతా నవ్వే. అయితే నవ్వు చూసే తీసుకున్నారనుకోకూడదు. సినిమాలో ముఖ్యమైన ఏనుగుకు తీసుకున్నది మహారాజు ఏనుగుల్లో పెద్దదైన ఐరావత. అంత ఏనుగు పక్కన భయం లేకుండా నిలబడాలి, ఎక్కాలి, దిగాలి, నీళ్లలోకి దించాలి. పట్నం పిల్లవాడికి ఎన్నాళ్లు నేర్పినా రాని పని. సాబుకు అది ఇంటి పని. సినిమా అంటే ఏమిటో అతనికి తెలియకపోవచ్చు. ఏనుగంటే ఏమిటో తీసేవాళ్లెవరికీ తెలియదు. మొదటి రోజుల్లో ఎవరు గురువో ఎవరు శిష్యుడో ఊహించుకోవచ్చు.

ఫ్లాహర్టీ నెలల తరబడి ఫిల్ము తీశాడు. లండన్‌లో కూర్చుని డబ్బు పెడుతున్న అలెగ్జాండర్ కోర్డాకు ఓపిక తగ్గింది. ఏనుగులు బాగానే ఉన్నాయి, కథ ఎక్కడ? తమ్ముడు జోల్టాన్‌ను పురమాయించి, యూనిట్‌ను ఇంగ్లండుకు రప్పించి, మిగతా సినిమా డెన్హామ్ స్టూడియోలో తీయించాడు. అలా 1936లో సాబు, అన్న దస్తగీర్ ఓడెక్కారు. కారాపుర పిల్లవాడు ఇంగ్లండు చలిలో, స్టూడియో దీపాల కింద, మైసూరు అడవిలో తిరుగుతున్నట్టు నటించాడు.

పేరు సంగతి ఇక్కడే చెప్పాలి. తెర మీద ఎప్పుడూ సాబు అనే రెండక్షరాలే వేసేవారు. కాగితాలకు మాత్రం ఇంటిపేరు లాంటిది ఒకటి కావాలి కదా, అన్న పేరే ఇతనికి ఇంటిపేరై కూర్చుంది. సాబు దస్తగీర్. అన్నపేరు ఇంటిపేరు కావడం మనకు నవ్వు తెప్పిస్తుందేమో గాని, తమిళనాడులో బడి రిజిస్టర్లు రాసే మన టీచర్లకు ఇది కొత్త కాదు. ముందుండే ఇంటిపేరు ఎగిరిపోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం వచ్చి చేరిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ కోర్డా అన్నదమ్ములదీ అసలు పేరు కాదు. హంగేరీలో పుట్టినవాళ్లు, ఇంటిపేరు కెల్నర్. పెద్దవాడు కోర్డా అని పెట్టుకుంటే తమ్ముళ్లిద్దరూ అదే పెట్టుకున్నారు. వాళ్లు మాట్లాడే ఇంగ్లిషులో హంగేరీ యాస చివరిదాకా పోలేదు. హంగేరియన్ దర్శకుడు చెప్పగా దక్కనీ పిల్లవాడు ఇంగ్లిషు మాటలు పలికాడన్నమాట.

ఇంగ్లిషు రాని సాబు ఆ మాటలను ముందు బట్టీపట్టాడు, తర్వాత చాలా తొందరగా భాషే నేర్చేసుకున్నాడు. ఎలిఫెంట్ బాయ్ 1937లో విడుదలైంది. సినిమా మొదట్లో సాబు ఒక్కడే తెర మీద నిలబడి, చూసేవాళ్ల వైపు తిరిగి కథ మొదలుపెడతాడు. ఆ ఒక్క దృశ్యం చూసినా చాలు. భాష నేర్చుకున్న కొత్తలో పిల్లల గొంతులో ఉండే జాగ్రత్త, ఒక్కో మాటనూ పట్టుకుని దాటే తీరు వినిపిస్తుంది. మన పిల్లలు మూడో తరగతిలో ప్రార్థన సమయానికి రాష్ట్ర భాషలో వార్తలు చదివేటప్పుడు వినిపించేది అదే. ఆ ఏడు వెనిస్ చిత్రోత్సవంలో ఫ్లాహర్టీకి, జోల్టాన్ కోర్డాకు కలిపి ఉత్తమ దర్శకత్వ బహుమతి వచ్చింది. జనం మాత్రం చెప్పుకున్నది పిల్లవాడి గురించే.

ఇంగ్లండులో సాబును బడికి పంపారు. కార్లంటే ఇష్టం పుట్టింది, పొట్టి లాగూ పోయి సూటు వచ్చింది. పత్రికలకు మాత్రం తలపాగా, మొలగుడ్డ, ఏనుగు పక్కన నిలబడ్డ ఫోటోలే కావాలి. బడిబట్టల్లో ఉన్న సాబు ఎవరికీ అక్కర్లేదు.

1938లో వచ్చిన రెండో సినిమా ది డ్రమ్. వాయవ్య సరిహద్దులో బ్రిటిషు వాళ్లకు స్నేహితుడైన చిన్న రాకుమారుడి వేషం. దొరలు మంచివాళ్లు, తిరగబడేవాళ్లు దుర్మార్గులు అన్న లెక్కలో నడిచే కథ. దాని మీద బొంబాయిలో, మద్రాసులో నిరసనలు జరిగాయి. సినిమా మీద వచ్చిన కోపం న్యాయమైనదే. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఏ కథలో నటించాలో, ఆ కథ ఎవరి పక్షమో నిర్ణయించింది మాత్రం పెద్దవాళ్లు. మద్రాసు వీధుల్లో ఆ రోజు నినాదాలు చేసినవాళ్లకూ, తెర మీది పిల్లవాడికీ మధ్య ఎంత దూరముందో అని మేం అనుకుంటూ ఉంటాం. ఆ పిల్లవాడి ఊరు మద్రాసుకు రైలు ప్రయాణమంత దూరంలోనే ఉంది.

తర్వాతిది ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్. ఇంగ్లండులో మొదలై, యుద్ధం రావడంతో అమెరికాలో పూర్తయింది. సాబు అందులో అబు అనే చిన్న దొంగ. సీసాలోంచి భూతాన్ని బయటికి తీసి, తెలివితో మళ్లీ సీసాలోకి దించే పిల్లవాడు. 1940లో విడుదలై మూడు ఆస్కార్లు తెచ్చుకుంది. పిల్లలకు చూపించడానికి ఈ రోజుకీ హాయిగా ఉండే సినిమా.

ఇక జంగిల్ బుక్. కాలిఫోర్నియాలో షేర్‌వుడ్ సరస్సు దగ్గర అడవినీ, పల్లెనూ, శిథిల నగరాన్నీ కట్టారు. నిర్మాత అలెగ్జాండర్, దర్శకుడు జోల్టాన్, కళ మూడో తమ్ముడు విన్సెంట్‌ది. నిజం పులి, నిజం నల్లచిరుత, నిజం ఏనుగులు. కొండచిలువ మాత్రం యంత్రంతో కదిలేది. 2016 సినిమాలో నీల్ సేథీ అనే పిల్లవాడు లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఖాళీ తెరల ముందు నటిస్తే జంతువులను తర్వాత కంప్యూటర్లో గీశారు. ఆ పిల్లవాడి కష్టాన్ని తక్కువ చెయ్యలేం. సాబు మాత్రం ఏనుగు ఎక్కాడంటే ఎక్కినట్టే. అతను జంతువుల దగ్గరికి వెళ్లే నడక వేరు. తొందర ఉండదు, ఎదురుగా వెళ్లడు. అది నటన కాదు, శాలలో నేర్చుకున్నది.

కథను కిప్లింగ్ పుస్తకంలో ఉన్నట్టే తియ్యలేదు. మోగ్లీ పసివాడుగా అడవిలోకి తప్పిపోతాడు, తోడేళ్లు పెంచుతాయి, పెద్దయ్యాక ఊళ్లోకి వస్తాడు. అక్కడివరకు పుస్తకమే. తర్వాత అడవిలో పాడుబడ్డ నగరంలోని నిధి కోసం ముగ్గురు ఆశపోతులు బయల్దేరడం ముఖ్యకథ అవుతుంది. దీనికి మూలం రెండో జంగిల్ బుక్‌లోని రాజుగారి అంకుశం కథ. రత్నాలు పొదిగిన అంకుశం ఒకటి మోగ్లీ నిధిలోంచి తెస్తాడు, అది ఏనుగు తలను పొడవడానికి చేసిందని తెలిసి విసిరేస్తాడు, దానికోసం మనుషులు ఒకరినొకరు చంపుకుంటారు. ఆ కథలోంచి పుట్టిన సినిమాలో మావటి కొడుకే మోగ్లీ వెయ్యడం మాకైతే చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అంకుశం అంటే ఏమిటో ఆ సెట్టులో అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే.

పిల్లలతో కలిసి చూస్తే ఒక చోట తప్పక ఆగండి. ఊళ్లోకి వచ్చిన మోగ్లీకి మనుషుల మాట రాదు. మెస్సువా అనే తల్లి అతన్ని చేరదీస్తుంది, తప్పిపోయిన తన కొడుకే అని మనసులో అనుకుంటూ ఒక్కో వస్తువూ చూపించి మాట నేర్పుతుంది. అతను తిరిగి అంటాడు. తల్లి నోటి నుంచి పిల్లవాడి నోట్లోకి భాష వెళ్లడాన్ని ఇంత తేటగా చూపించిన సినిమాలు తక్కువ. ఆ దృశ్యంలో నటిస్తున్న కుర్రాడు చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నవాడు, పరదేశంలో పరభాష నేర్చుకున్నవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడాలా వద్దా, పిల్లవాడు బడిలో వెనకబడతాడేమో అని మాకు ఉత్తరాలు రాసే తల్లులకు ఈ దృశ్యం చూడమని చెబుతాం. కథ రాసిన కిప్లింగ్ కూడా బొంబాయిలో పుట్టి, ఆయాల దగ్గర హిందుస్తానీ నేర్చి, ఆరేళ్లు నిండకముందే ఇంగ్లండుకు పంపించబడ్డవాడే. ఆ చోట ఆయన ఏడ్చిన ఏడుపు జీవితాంతం మర్చిపోలేదు.

సినిమాలో మింగుడుపడనిదీ ఉంది. ముఖ్యపాత్రల్లో నిజంగా మన దేశపువాడు సాబు ఒక్కడే. తల్లి, వేటగాడు బుల్దేవ్, మంగలి, పండితుడు అంతా మొహానికి రంగు పూసుకున్న అమెరికన్లూ యూరప్ వాళ్లూ. పల్లె వేషభాషలు ఏ ప్రాంతానివో పోల్చుకోలేం. హైస్కూలు పిల్లలయితే ఈ సంగతి వాళ్లే పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి. చివర్లో అడవి అంటుకునే దృశ్యాలు చిన్నపిల్లలకు భయం వేస్తాయి, ఒకటో తరగతి లోపువాళ్లకు అప్పుడే వద్దు.

సంగీతం మిక్లోష్ రోజా. ఆయనా హంగేరీ వాడే. ఒక్కో జంతువుకు ఒక్కో వాద్యం, ఒక్కో వరస కట్టాడు. సినిమా తర్వాత ఆ సంగీతాన్ని గ్రామఫోను రికార్డులుగా తెచ్చారు, కథ చెప్పే గొంతు సాబుది. పాటల సినిమా కాని సినిమా సంగీతాన్ని అమెరికాలో అలా రికార్డుగా అమ్మడం అదే మొదలని చెబుతారు. ఎలిఫెంట్ బాయ్‌లో జాగ్రత్తగా పలికిన గొంతు అయిదేళ్లకు ఇంటింటి గ్రామఫోనులో కథ చెప్పే గొంతయింది. సినిమాకు నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. సాబుకు అప్పుడు పద్దెనిమిదేళ్లు.

ఇక్కడి నుంచి చిక్కు మొదలైంది. ఏనుగు పిల్లవాడు పెద్దవాడవుతున్నాడు, హాలీవుడ్‌కు మాత్రం పిల్లవాడే కావాలి. యూనివర్సల్ కంపెనీతో ఒప్పందం కుదిరి అరేబియన్ నైట్స్, వైట్ శావేజ్, కోబ్రా వుమన్ వచ్చాయి. వాటిలో అందమైన నాయిక మరియా మాంటెజ్, బలమైన నాయకుడు జాన్ హాల్, పక్కన నవ్విస్తూ తిరిగే స్నేహితుడు సాబు. మొదట సినిమా అంతా తానే అయినవాడు మూడో పేరుగా మిగిలాడు. దేశం ఏదైనా, దీవి ఏదైనా వేషం ఒకటే. ఒంటి మీద చొక్కా ఉండదు.

1944 జనవరిలో అమెరికా పౌరసత్వం వచ్చింది. అప్పటికి మామూలు భారతీయులకు ఆ దేశంలో పౌరసత్వం దొరికే దారి లేదు. 1946లో చట్టం మారాకే తలుపు కొంచెం తెరుచుకుంది. సాబు సైన్యంలో చేరాడు. స్టూడియోల తరఫున తిరిగి ప్రచారం చేసే ఉద్యోగం కాదు, బి-24 లిబరేటర్ బాంబరు విమానంలో మరతుపాకి పట్టే గన్నరు పని. విమానం తోకలోనో పొట్ట కిందో ఇరుకు గూట్లో కూర్చుని పసిఫిక్ మీద పదుల సార్లు ఎగిరాడు. ధైర్యానికి ఇచ్చే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం అందుకున్నాడు. తెర మీద పులితో పోరాడిన సంగతి అందరికీ తెలుసు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

యుద్ధం నుంచి వచ్చాక మంచి వేషం ఒకటి దొరికింది. 1947 నాటి బ్లాక్ నార్సిసస్. హిమాలయాల్లో కొండకొమ్ము మీద క్రైస్తవ సన్యాసినులు బడి పెడతారు. ఆడపిల్లల బడి అది. అక్కడికి పట్టుబట్టలు, నగలు, అత్తరుతో ఒక యువరాజు దిగి తనకూ చదువు చెప్పమంటాడు. నేర్చుకోవాలనుకున్న విషయాలన్నీ కాగితం మీద జాబితా రాసుకుని మరీ వస్తాడు. సాబు ఆ వేషంలో వెలిగిపోయాడు. గొప్పింటి బిడ్డ డాబు, చదువు మీద నిజమైన ఆకలి, రెండూ ఒకే మొహంలో కనిపిస్తాయి. పద్ధతిగా చదువు సాగని కుర్రాడు ఆ జాబితా పట్టుకుని నిలబడటం చూస్తే ఏ టీచరుకైనా గుండె పట్టేస్తుంది. ఇంత చెయ్యగలవాడని నిరూపించాక మంచి వేషాలు వరసగా రావాలి. రాలేదు. మరుసటి ఏడు మ్యాన్-ఈటర్ ఆఫ్ కుమావూన్ వచ్చింది. జిమ్ కార్బెట్ ప్రసిద్ధ పుస్తకం పేరు, పులి మాత్రమే మిగిలాయి, లోపలి కథంతా వేరు. మళ్లీ అడవి, మళ్లీ పల్లె కుర్రాడు.

1948లో నటి మెరిలిన్ కూపర్‌ను పెళ్లి చేసుకున్నాడు. కొడుకు పాల్, కూతురు జాస్మిన్. ఆ కూతురు తర్వాత గుర్రాలకు శిక్షణ ఇచ్చే పనిలో స్థిరపడింది. తాత చేసిన పని ఒక తరం దాటి, జంతువు మారి తిరిగొచ్చిందని మేం అనుకుంటాం.

1952లో ఇటలీలో ఒక సినిమా చేశాడు. అందులో విట్టోరియో డి సికా ఒక బీద బడిపంతులు. జీతం చాలదు, అద్దె కట్టలేడు. భారతదేశపు రాజు ఒకడు (ఆ వేషం సాబుది) స్నేహం కొద్దీ ఆయనకు ఏనుగు పిల్లను కానుకగా పంపిస్తాడు. అద్దె ఇంటి పంతులుకు ఏనుగు! మన ఎయిడెడ్ బడుల టీచర్లు ఈ సినిమా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అదే ఏడు లండన్ హారింగే అరీనాలో క్రిస్మస్ సర్కస్‌లో ఏనుగులతో ప్రదర్శన ఇచ్చాడు. మైసూరు శాల నుంచి బయల్దేరి, సగం ప్రపంచం తిరిగి, చివరికి మళ్లీ ఏనుగు మీదే.

స్వదేశంలో ఒక అవకాశం చేతిదాకా వచ్చింది. మెహబూబ్ ఖాన్ మదర్ ఇండియా తలపెట్టినప్పుడు, తల్లి మాట వినని కొడుకు బిర్జు వేషానికి ముందు అనుకున్నది సాబునే. అమెరికా పౌరుడు కాబట్టి ఇక్కడ పనిచెయ్యడానికి పర్మిట్ దొరకలేదు. ఆ వేషం సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో ఆ సినిమా దేశాన్ని ఊపేసింది. మైసూరు పిల్లవాడు మన దేశపు సినిమాలో ఒక్కదానిలోనూ నటించలేకపోయాడు. పరాయి దేశం అతన్ని ఎప్పుడూ భారతీయుడిగానే చూసింది. ఇక్కడ కాగితాలు విదేశీయుడన్నాయి. రెండు రాష్ట్రాల మధ్య సర్టిఫికెట్ల కోసం తిరిగే మన కుటుంబాలకు ఆ తిరుగుడు తెలుసు. అతని ఇబ్బంది దానికి వంద రెట్లు.

1960లో హాలీవుడ్ వీధిలో నక్షత్రాల బాటలో సాబు పేరు చెక్కారు. అదే ఏడు అన్న దస్తగీర్ తన ఫర్నిచర్ దుకాణంలో దోపిడీకి వచ్చినవాళ్ల చేతిలో చనిపోయాడు. తండ్రి పోయిన రోజు నుంచి వెంట ఉన్నవాడు, ఓడలో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినవాడు, పేరు కూడా ఇచ్చినవాడు.

చివరి సినిమా డిస్నీ వాళ్ల ఎ టైగర్ వాక్స్. సర్కస్ నుంచి తప్పించుకున్న పులిని చంపకుండా కాపాడాలని పిల్లలంతా పూనుకునే కథ. సాబు పులిని ప్రాణాలతో పట్టడానికి సాయపడే రామ్ సింగ్. ఇందులో గోచీ కట్టి కొమ్మల మీద దూకడు. జంతువు స్వభావం తెలిసిన పెద్దమనిషి, మిగతావాళ్లు తుపాకులు ఎత్తుతుంటే ఓపిక పట్టమనేవాడు. ఇరవై ఏళ్లుగా అలాంటి వేషం ఎవరైనా ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో! 1963 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో, ఇంట్లోనే, గుండెపోటుతో సాబు పోయాడు. నలభై కూడా నిండలేదు. సినిమా ఆ తర్వాత, 1964లో విడుదలైంది.

బడిలో చూపించాలనుకుంటే మా సలహా ఇది: ముందు ఎలిఫెంట్ బాయ్‌లో మొదటి పది నిమిషాలు, తర్వాత జంగిల్ బుక్ మొత్తం, ఆరు దాటిన తరగతులకైతే బ్లాక్ నార్సిసస్‌లో యువరాజు బడికి వచ్చే ఘట్టం. పన్నెండేళ్ల గొంతు, పద్దెనిమిదేళ్ల గొంతు, ఇరవై రెండేళ్ల గొంతు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. సినిమాకు ముందు దేశపటంలో కబిని నదిని చూపించడం మర్చిపోకండి. యానాం పిల్లలకూ బరంపురం పిల్లలకూ అది ఎక్కడుందో తెలియదు. ఇంట్లో చూసేవాళ్లు చూశాక పిల్లలతో కాసేపు కూర్చోండి. మీ తాతగారికో నాయనమ్మకో చేతిపని వచ్చి ఉంటే, ఆ పనికి వాళ్లు వాడిన మాటలు ఏమిటో ఆ సాయంత్రమే చెప్పించండి. మగ్గం మాటలు, పడవ మాటలు, కమ్మరి కొలిమి మాటలు చాలా ఇళ్లలో ఇంకా ఒకరిద్దరికి గుర్తున్నాయి.

కారాపుర వెళ్లాలనుకునే బడులకు ఒక మాట. కాకనకోటెలో ఆఖరి ఖెడ్డా 1971లో జరిగింది. కబిని మీద ఆనకట్ట పూర్తయ్యాక ఖెడ్డా జరిగిన నేల చాలావరకు నీళ్ల కిందికి పోయింది. మహారాజు వేట బంగళా ఇప్పుడు పర్యాటకుల విడిది. ఊళ్లో వెతికితే సాబు ఇల్లు దొరుకుతుందని వెళ్లకండి. వెళ్తే ఎండాకాలంలో వెళ్లండి. జలాశయం నీళ్లు తగ్గి ఒడ్డున పచ్చిక బయటపడగానే చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు మందలు మందలుగా అక్కడికి దిగుతాయి. పొద్దువాలేవేళ పడవలోంచి చూడొచ్చు. పిల్లలు అరవకుండా ఉంటే చాలాసేపు ఉంటాయి.